మంచం కోడు

ఫిర్యాదు కాగితంలో మూడే వాక్యాలు.
రాత్రిళ్ళు నా మంచం పనిచేస్తోంది.
నేను పనిచేయమని చెప్పలేదు.
ఆపించండి.

టాలిన్‌లో లస్నమాయె పేట,
కాంక్రీటు పలకలు నిలబెట్టి అతికిన తొమ్మిదంతస్తులు.
సంఘం కార్యదర్శి ఎండెల్ నన్ను మెట్ల దగ్గరే ఆపి
బూట్ల మంచు దులుపుకుంటూ గొంతు తగ్గించాడు:
"ఆ హెల్యు పుట్టు చెవిటిది.
ఆమెకి చప్పుడేమిటండీ?
చుట్టుపక్కల ఎవరూ ఏమీ అనలేదు."

కాగితం మళ్ళీ తీసి చూశాను.
చప్పుడన్న మాట ఆమె కూడా ఎక్కడా అనలేదు.

ఐదో అంతస్తు. గంట నొక్కితే లోపల దీపం మూడుసార్లు వెలిగింది.
పలకరింపులేమీ లేవు. నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి
అరచేతిని మంచం ఇనప కోటికి ఆనించింది.
మొదట చల్లదనం.
చాలాసేపు చల్లదనమే.
ఆ తర్వాత, దానికి అడుగున,
నిద్రపోతున్న పశువు డొక్క.

గళ్ళ నోటుపుస్తకంలో నలభై ఒక్క రాత్రులు రాసి ఉంచింది.
పదకొండూ నలభై: మొదలు. నాలుగూ పది: ఆఖరు.
కొన్ని తేదీల పక్కన "బరువు", కొన్నింటి పక్కన "పలచన".
ఒక చోట మాత్రం "ఇవాళ కోపంగా ఉంది".

తేనెమైనం వేళ్ళ మధ్య మెత్తబరిచి
గోటి పాటి కొలపరికరాన్ని నేలకు అంటించాను.
ఆమె మైనం వాసన చూసి నవ్వింది.
గది నడుమ మైకు నిలబెట్టి అడిగితే, ఏమీ లేదు పొమ్మంది.
నేలనడిగితే ఉందంది.
తెర మీద ఒకే ఒక్క శిఖరం,
గడ్డకట్టిన అఖాతం మీద
ఒంటరిగా గాలం వేసుకు కూర్చున్న మనిషిలా.
సెకనుకి ఇరవై నాలుగున్నర.

నేలమాళిగలో గెన్నాదికి ఫోన్ చేశాను:
రాత్రి పంపుని నీ ఇష్టమొచ్చినప్పుడు ఆపు, వెయ్యి,
నాకు చెప్పకు.
ఆమె చెయ్యి కోటి మీద. నా చూపు తెర మీద.
ఆమె వేలు లేచేది.
కాసేపటికి శిఖరం లేచేది.
వేలు వాలేది.
కాసేపటికి శిఖరం కూలేది.
సగటు తియ్యడానికి నా పరికరానికి నాలుగు సెకన్లు కావాలి.
పదకొండుసార్లూ ఆమే ముందు.

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అంటాం.
ఆ సామెత కట్టినవాడు
శంఖాన్ని చేతికిచ్చి చూడలేదు.

కింద పంపు. నిమిషానికి వెయ్యిన్నీ నాలుగు వందల డెబ్భై చుట్లు.
అరవైతో భాగించుకోండి.
"స్ప్రింగులు కొత్తవి, నేనే బిగించాను" అన్నాడు గెన్నాది,
నొచ్చుకుని.
నిజమే, నాలుగూ కొత్తవే, నాలుగూ మెరుస్తున్నాయి.
బోర్లా పడుకుని దిమ్మె కిందికి టార్చి వేశాను.
మూడు మూలల్లో వెలుగు అటు దాటింది.
నాలుగో మూల దాటలేదు.

చెక్కముక్క. సబ్బు బిళ్ళంత.
పంపు ఎత్తి కూర్చోబెట్టిన రోజు ఎవరో ఆసరాకి దూర్చి
మధ్యాహ్నం తిండికి వెళ్ళి మరిచిపోయారు.
ఇన్నాళ్ళూ స్ప్రింగులు ఊరికే నిలబడ్డాయి,
బరువంతా అదే మోసింది,
నేలకిచ్చింది, నేల గోడకిచ్చింది,
గోడ ఒక్కో ఇంటి నిద్రనీ ఒరుసుకుంటూ పైకి పోయింది.
వాళ్ళందరికీ చెవులున్నాయి.

సుత్తితో రెండు దెబ్బలు.
మళ్ళీ కొలిస్తే పద్దెనిమిది డెసిబెల్స్ తగ్గింది.

నివేదికలో ఒక గడి ఉంటుంది:
నివాసికి వినిపిస్తోందా? అవును, కాదు.
కాదు అన్న చోట టిక్కు పెట్టి
అంచులో పట్టినంత మేర నోటుపుస్తకం సంగతి రాశాను.
ఎండెల్ ఆ అంచు చదివాడో లేదో తెలీదు.
చెక్కముక్క నా సంచిలోనే ఉంది, మైనం డబ్బా పక్కన.

పది రోజులకు ఆమె దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది.
మంచం పని మానేసింది.
ఇప్పుడు లిఫ్టు తెలుస్తోంది.
పొద్దున ఆరూ ఇరవైకి ఎవరో ఒక్కరే దిగి వెళతారు.
దాన్ని ఆపించకండి.